కమాను పట్టీలు

తెలుగు పాఠం చెప్పుకు బతికేవాడికి జీపు కమాన్లతో యేం పని అని మీరు అడగవచ్చు. మా కాలేజీలో ఇప్పటికే అడిగారు. సంధులూ సమాసాలూ విడగొట్టడం నా వృత్తి. యంత్రాలు విడగొట్టడం కాదు. అయినా క్రిందటి యేడు రెండు నెలల పాటు నా చేతి గోళ్ళల్లో సుద్దముక్క పొడికి బదులు నల్లటి గ్రీజు వుండేది. ఆ గ్రీజు యెలా అంటుకుందో చెప్పుకోవాలని చాలా రోజుల్నుంచీ అనుకుంటున్నాను. చెప్పుకుంటే గాని మనసు కుదుటపడదనిపించింది.

మా నాన్నగారు నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు సర్వీసు జీపు నడిపేవారు. 1996లో అప్పుచేసి కొన్న మహీంద్రా కమాండరు జీపు అది. ఆ రోజుల్లో సర్వీసు జీపు యెక్కినవాళ్ళకి దాని సంగతి చెప్పనక్కర్లేదు. ముందు సీట్లో నలుగురు కూర్చుంటే డ్రైవరు సగం బయట వుండేవాడు. వెనక ఇరుపక్కలా వరసలు, మధ్యలో మూటలు, వెనక మెట్టు మీద వేలాడేవాళ్ళు, టాపు మీద కోళ్ళ గంపలు. ఇంతమందినీ మోసుకుని ఆ జీపు మూలుగుతూ ఘాటీ యెక్కేది. ఆ మూలుగుల మీదే మా ఇంట్లో పొయ్యి వెలిగింది, మా చెల్లెలి పెళ్ళి జరిగింది, నేను వాల్తేరు వెళ్ళి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎం.ఏ. చదివాను.

తర్వాత రోడ్లు మారాయి, ఆటోలు వచ్చాయి. నాన్నగారి నడుమూ వంగింది. సర్వీసు మానేసి, కాయితాలు మార్పించి, జీపుని సొంత బండిగా వుంచుకున్నారు. 2021లో ఆయన పోయారు. జీపు పెరట్లో రేకుల షెడ్డు కింద వుండిపోయింది. "పాత ఇనుముకి వేసెయ్ అన్నయ్యా, షెడ్డు ఖాళీ అవుతుంది" అన్నాడు మా తమ్ముడు హైదరాబాదు నుంచి. అమ్మ ససేమిరా అంది. ఆవిడ రోజూ పొద్దున్నే షెడ్డు ముందు కూడా కళ్ళాపి చల్లేది.

అలా వుండగా 2023లో మా విద్యార్థులు నలుగురైదుగురు ఒక ఆలోచన తెచ్చారు. కొండ మీద పల్లెల్లో బడి పిల్లలకి పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం కళ్ళబడదు. మనం కథల పుస్తకాలు పోగుచేసి, ఆదివారాల్లో తీసుకెళ్ళి, ఇచ్చి, మళ్ళీ నెలకి మార్చి ఇస్తే యెలా వుంటుంది అని. నాకు ప్రాణం లేచొచ్చింది. జీపు బయటికి తీశాను. బ్యాటరీ కొత్తది వేయించి, టైర్లు మార్పించి, రంగు కూడా కొట్టించాను. రంగు వెయ్యగానే బండి బాగుపడిందనుకోవడం నా బోటి చదువుకున్నవాళ్ళకుండే జబ్బు.

నర్సీపట్నం నుంచి చింతపల్లి పోయే దారిలో లంబసింగి వస్తుంది. సుమారు వెయ్యి మీటర్ల యెత్తు. దాన్నే కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరు. ఇప్పుడు చలికాలంలో మంచు చూడ్డానికి కార్లు బారులు తీరుతున్నాయి గాని, ఆ దారికి పాత కథ వేరే వుంది. ఈ నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు పనిలో కొండవాళ్ళ చేత చాలీచాలని కూలికి చేయించిన చాకిరీ కూడా 1922లో అల్లూరి సీతారామరాజు లేవదీసిన పితూరీకి ఒక కారణమని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. మోయలేనంత బరువు పెడితే యేది యెప్పుడు తెగుతుందో చెప్పలేమని ఆ దారికి అప్పుడే తెలుసునన్నమాట. నాకే తెలియలేదు.

తెలియకపోవడం కాదు, చూడలేదు. జీపు వెనక కుడివైపు కొంచెం కుంగి వుండేది. మా ఆవిడ ఒకటి రెండుసార్లు అంది కూడా, "బండి ఒక పక్కకి ఒరిగినట్టుందేమిటండీ" అని. నేల యెగుడుదిగుడుగా వుందన్నాను. గుంటలో పడినప్పుడల్లా లోపల రబ్బరు దిమ్మ మీద ఇనుము కొట్టుకున్న చప్పుడయ్యేది. పాత బండికి పాటలు మామూలేనన్నాను. అన్నిటికీ నా దగ్గర సమాధానం వుంది. పాఠం చెప్పేవాడికి సమాధానాలకి కరువా?

ఆ ఆదివారం సాయంత్రం దిగివస్తున్నాం. వెళ్ళేటప్పుడు విద్యార్థులు ఆరుగురు, నేను, పుస్తకాల ట్రంకుపెట్టెలు నాలుగు. వచ్చేటప్పుడు దారిలో ఇద్దరు ముసలివాళ్ళు చెయ్యెత్తారు. చీకటి పడుతోంది, యెలా కాదంటాం? యెక్కించాం. ఇంకొంచెం దూరం వచ్చాక ఒకాయన, భార్యా, వాళ్ళ రెండు పసుపు బస్తాలూ. నాన్నగారి జీపు యెవరినీ రోడ్డు మీద వదిలెయ్యలేదన్న గర్వం నా తలలో వుంది. వాళ్ళనీ యెక్కించాను.

ఒక మలుపు తిరుగుతూండగా వెనకనించి ఫట్టుమని చప్పుడైంది. తుపాకీ పేలిందా అనిపించింది. మరుక్షణం బండి కుడి వైపుకి కూలబడింది. టైరు మడ్‌గార్డుకి రాసుకుంటూ కాలిన వాసన వేసింది. స్టీరింగు నా మాట వినలేదు. అదృష్టం యేమిటంటే బండి కొండ వైపు కాలవలోకి ఒరిగి ఆగింది. రెండో వైపున యేముందో నాకు తెలుసు, మీరూ వూహించగలరు. రెండు నిమిషాలు యెవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక అమ్మాయి నెమ్మదిగా, "సార్, నా చెయ్యి" అంది. ట్రంకుపెట్టె జారి మీద పడి మణికట్టు ఎముక చిట్లింది. డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల. పుస్తకాల పట్టిక అంతా తన దస్తూరీయే.

ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చుని లెక్క వేశాను. పదకొండుమంది మనుషులు, మనిషికి అరవై కేజీల చొప్పున ఆరువందల అరవై. పెట్టెలు ఒక్కొక్కటీ ముప్పై అయిదు, మొత్తం నూట నలభై. పసుపు బస్తాలు రెండూ కలిసి నూరు. వెరసి తొమ్మిదివందల కేజీలు. ఈ లెక్క బయల్దేరేముందు వెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. అప్పుడు వెయ్యలేదు.

అమ్మాయి తండ్రి తెల్లవారి మా ఇంటికి వచ్చాడు. రైతు. మాటలు పడడానికి సిద్ధంగా వున్నాను. పడితే కొంత భారం తగ్గుతుందని ఆశ కూడా వుంది. ఆయన మంచినీళ్ళు తాగి, "బండి యెక్కడుంది మేష్టారూ?" అన్నాడు.

"వర్క్‌షాపుకి లాక్కొచ్చారండి."

"యేం విరిగిందో చూసేరా?"

"ఇంకా లేదు."

"చూడండి. చూసి చెప్పండి నాకు" అని లేచి వెళ్ళిపోయాడు. తిట్టి వుంటే బాగుండును.

కమాన్లు కట్టే మేస్త్రీ నాన్నగారి కాలం నుంచీ తెలిసినవాడే. డెబ్భై యేళ్ళుంటాయి. ఇప్పుడు పని కొడుకు చేస్తాడు, ఈయన కుర్చీ వేసుకుని చూస్తాడు. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి, మాట్లాడకుండా జీపు కిందికి దూరాడు. నన్నూ రమ్మన్నాడు. పంచె కట్టుకుని వెళ్ళినందుకు విచారిస్తూ నేనూ దూరాను.

జీపు కమాను కట్ట చూడనివాళ్ళకోసం రెండు మాటలు చెబుతాను. ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి వుంటాయి. అన్నిటికన్నా పైది పొడుగు. దాని రెండు కొసలూ చుట్టుకుని కళ్ళలా వుంటాయి. దాన్ని మెయిన్ పట్టీ అంటారు. కిందికి పోయేకొద్దీ పొట్టివవుతాయి. మధ్యలో కన్నంపెట్టి ఒక సెంటరు బోల్టు దిగేస్తారు. ఆ కట్టని ఇరుసుకి రెండు యూ బోల్టులు బిగించి పట్టుకుంటాయి. బరువు పడ్డప్పుడు వంపు తగ్గి కట్ట సాగుతుంది గదా, ఆ సాగడానికి వీలుగా ఒక కొసని షాకిలు అనే వూగే లంకెకి తగిలిస్తారు. పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకోవడం వల్ల వూపు కూడా కొంత తగ్గుతుంది. ఇంతే యంత్రం. ఎడ్లబండిని చూసి భయపడనివాడు దీన్ని చూసి భయపడనక్కర్లేదు.

మేస్త్రీ టార్చిలైటు వేశాడు. మెయిన్ పట్టీ సరిగ్గా సెంటరు బోల్టు కన్నం దగ్గర రెండు ముక్కలైంది. దాని కింద ఇంకో పట్టీ కూడా. ఇరుసు ఆ పక్క వెనక్కి జరిగిపోయింది.

"ఈ అంచు చూడండి బాబూ. సగం తుప్పు రంగు, సగం తళతళ. తుప్పుపట్టిన సగం యెప్పుడో చిట్లింది. మిగతా సగం నిన్న విరిగింది."

"ఇక్కడే యెందుకు విరిగింది?"

"యూ బోల్టులు వదులైతే ఇక్కడే విరుగుతాది. బిగువుగా వున్నన్నాళ్ళూ ఆ నడిమి భాగం కదల్దు. కన్నం వున్న చోటు బలహీనం గదా, దానికి వంపు తగలకుండా బోల్టులు కాపాడతాయి. అవి వదిలేస్తే పట్టీ ఆ కన్నం దగ్గరే వంగుతాది. యెప్పుడు బిగించేరు?"

నేను మాట్లాడలేదు. బిగించాలని తెలిస్తే గదా.

ఆయన పట్టీలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టి, పక్కకి చూసి, "ఇవి రెండూ నేను వేసినవే. కంపెనీ వాటి మీద రెండు ఎక్కువ" అన్నాడు. "2001లో. బాగా గుర్తు. వద్దన్నాను మీ నాన్నని. పట్టీ వేస్తే బరువు ఆగుతాది గాని బ్రేకు ఆగదు అన్నాను. వినలేదు. ట్రిప్పుకి ఇంకో అయిదుగురు యెక్కాలి, కుర్రాడు వాల్తేరులో చేరేడు అన్నాడు."

జీపు కింద చీకటిగా వుంది గనక నా మొహం ఆయనకి కనిపించలేదు. ఆయన టార్చి తిప్పి ఇంకొకటి చూపించాడు. కమాను కొస తగిలించే హ్యాంగరు పక్కన ఛాసీ మీద జానెడు చీలిక. పాతదే. "కమాను బిరుసైపోతే దెబ్బ యెక్కడికి పోతాది? ఛాసీకి పోతాది. ఇది ఆ రెండు పట్టీల పని."

ఇంటికి వచ్చి నాన్నగారి పెట్టె తీశాను. లెక్కల పుస్తకం వుందని తెలుసు. డీజిలుకి ఇంత, పోలీసు జరిమానాకి ఇంత, వాల్తేరుకి మనియార్డరు ఇంత. వాటి మధ్య ప్రతి నెలా ఒక వరస వుంది: "కామాను యూబోలుటులు బిగించడమైనది." చిన్నప్పుడు ఆ పుస్తకం చూసి నేను ఆయన తప్పులు దిద్దేవాణ్ణి. "కామాను కాదు నాన్నా, కమాను" అంటే నవ్వి, "నువ్వు రాయి, నేను బిగిస్తాను" అనేవారు. ఒక్క నెలా తప్పలేదు. అంత బరువు మోస్తూ ఆ జీపు ఆయన చేతిలో ఒక్కసారీ కూలబడకపోవడానికి కారణం అదృష్టం అనుకున్నాను. కారణం పుస్తకంలో నెలనెలా రాసి వుంది. రాత మీద నా చూపు, రాసినదాని మీద కాదు.

మాట వచ్చింది గనక నా వృత్తి ధర్మంగా ఒకటి చెబుతాను. కమాను అన్నది పారసీక పదం. విల్లు అని అర్థం. మనం గుమ్మం మీది వంపునీ కమాను అన్నాం, బండి కింద ఉక్కు వంపునీ కమాను అన్నాం. విల్లుకి బలం వంగడంలోనే వుంది. వంగనిది విల్లు కాదు, కర్ర. ఈ మాట క్లాసులో పదిసార్లు చెప్పి వుంటాను. అర్థం మాత్రం జీపు కింద తెలిసింది.

మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడు దాన్నే లెక్కల్లో చెప్పాడు. సాగడం బరువుని బట్టి వుంటుందని రాబర్ట్ హుక్ 1678లోనే ప్రకటించాడట. బరువు రెట్టింపైతే కుంగడం రెట్టింపు, హద్దు దాటనంతవరకే. హద్దు దాటితే మళ్ళీ పూర్వస్థితికి రాదు. "ఏడు పట్టీల కట్ట మీద అలాంటివే రెండు వేస్తే బిరుసు పావువంతుకి పైగా పెరుగుతుంది. పట్టీలు పెంచకుండా మందం పెంచితే ఇంకా ఘోరం. మందం రెట్టింపు చేస్తే బిరుసు యెనిమిది రెట్లు" అన్నాడు. "మరి బలంగా వుండాలంటే యేం చెయ్యాలోయ్?" అన్నాను. "యెంత బరువుకి బలం కావాలో ముందు చెప్పు" అన్నాడు. అదీ ప్రశ్న. ఆ ప్రశ్న యెవరూ వెయ్యకే ఇంతవరకూ వచ్చింది.

మర్నాడు మేస్త్రీ దగ్గరికి కాయితంతో వెళ్ళాను. మనుషులు యెనిమిదిమంది, నాలుగువందల యెనభై కేజీలు. పుస్తకాల పెట్టెలు రెండు, డెబ్భై. మంచినీళ్ళూ, స్టెప్నీ సామానూ కలిసి ముప్పై. మొత్తం అయిదువందల యెనభై. దీన్ని ఘాటీ దారిలో యేళ్ళ తరబడి నమ్మకంగా మొయ్యాలి. నాలుగు పెట్టెల్లో రెండు పైనే ఒక బడిలో వుంచేస్తాం, నెలకోసారి మార్చుకుంటాం అని రాశాను. మేస్త్రీ కాయితం చదివించుకుని విని, మొదటిసారి నవ్వాడు. "ఇదే అసలు రిపేరు" అన్నాడు.

పాత పట్టీలని కొట్టించి వంపు తెప్పిస్తే చవగ్గా పోతుంది గదా అని అడగకపోలేదు. చల్లగా సుత్తితో కొడితే వంపు వస్తుందట గాని అలసిపోయిన ఉక్కు కొన్నాళ్ళకి మళ్ళీ కుంగుతుందట. కొలిమిలో కాల్చి కొడితే ఉక్కు పదును చచ్చి మామూలు ఇనుమైపోతుంది. మళ్ళీ నూనెలో ముంచి, తగిన వేడి మీద పదును తెప్పించాలి. ఆ పని కొలతల ప్రకారం చేసే చోట తప్ప చెయ్యకూడదన్నాడు. కనక వెనక రెండు పక్కలా కొత్త కట్టలు, కంపెనీ లెక్క ప్రకారం. ఒక పక్కదే మారిస్తే బండి ఒరిగే నడుస్తుంది. వాటి అడుగున మాత్రం ఒక్కొక్క హెల్పరు పట్టీ. అది ఇంచుమించు తిన్నగా వుంటుంది. ఖాళీ బండిలో అది యేపనీ చెయ్యదు. బరువు పడి పై కట్ట కుంగినప్పుడే దానికి ఆని భారం పంచుకుంటుంది. ఖాళీగా వున్నప్పుడు మెత్తన, బరువున్నప్పుడు గట్టి. రోజూ అరిచే తండ్రికీ, అవసరమైనప్పుడే గొంతెత్తే తండ్రికీ వున్న తేడా అనుకోండి.

యూ బోల్టులూ సెంటరు బోల్టులూ కొత్తవే. ఒకసారి సాగిన యూ బోల్టు మళ్ళీ వాడకూడదట. బుష్షులూ, షాకిళ్ళూ, రబ్బరు దిమ్మలూ మార్చాం. ఛాసీ చీలికని కొసదాకా చూసుకుని, వెల్డింగు చేసి, మీద పలక వేశారు. బండిని యెత్తు పెంచుదామని మేస్త్రీ కొడుకు సరదాపడ్డాడు. ముసలాయన ఒప్పుకోలేదు. యెత్తు పెరిగితే ప్రొపెల్లరు షాఫ్టు కోణం మారుతుంది, బ్రేకు గొట్టం పొడుగు చాలదు, మలుపులో బండి వాలుతుంది. పైగా బండి రూపురేఖలు కాయితాల్లో వున్నదానికి తేడాగా మారిస్తే 1988 నాటి మోటారు వాహనాల చట్టం వూరుకోదు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి చెప్పాడు. "కమాను గట్టిదైందని బండితో వచ్చిన పుస్తకంలో రాసిన బరువు పెరిగిపోదు బాబూ. ఇరుసు అదే, బ్రేకులు అవే, బేరింగులు అవే. కమాను నీకు అబద్ధం చెబుతాది, మోస్తున్నాను గదా అని. బ్రేకు చెప్పదు."

షాకబ్జార్బర్లు దేనికో కూడా అప్పుడే తెలుసుకున్నాను. అవి బరువు మోస్తాయనుకునేవాణ్ణి. ఒక్క కేజీ మొయ్యవు. ఉయ్యాల ఒకసారి వూపి వదిలేస్తే వూగుతూనే వుంటుంది గదా, కమానూ అంతే. దాన్ని చెయ్యి పెట్టి ఆపేది షాకబ్జార్బరు. మా జీపువి రెండూ నూనె కారిపోయి యెప్పుడో చచ్చిపోయి వున్నాయి. కొత్త కమానుకి సరిపడేవి తెచ్చి వేశాం. మొత్తం ఖర్చు నా నెల జీతంలో సగం దాటింది. మా ఆవిడ యేమీ అనలేదు. ఆస్పత్రి వరండాలో ఆవిడా వుంది మరి.

పరీక్ష కూడా మేస్త్రీ పద్ధతిలోనే జరిగింది. టైరు నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచుదాకా టేపుతో కొలిచాం. ఇదివరకు కుడి ఎడమలకి అంగుళంన్నర తేడా వుండేది. ఇప్పుడు సమానం. పక్క కొట్టు నుంచి పాతిక కేజీల బియ్యం బస్తాలు అరువు తెచ్చి ఒక్కొక్కటే యెక్కించాం. కట్ట నెమ్మదిగా కుంగింది. పదహారో బస్తా, అంటే నాలుగువందల కేజీల దగ్గర, హెల్పరు పట్టీ కొసలు పైదానికి ఆనాయి. ఇంకో నాలుగు బస్తాలు వేస్తే కుంగడం చాలావరకు తగ్గిపోయింది. దింపేస్తే బండి మళ్ళీ మొదటి యెత్తుకే వచ్చింది. కొలతలన్నీ నాన్నగారి పుస్తకంలో, ఆయన వదిలిన పేజీ తర్వాత పేజీలో రాశాను. మూడువందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ వచ్చి యూ బోల్టులు బిగించుకోవాలి. తర్వాత నెలనెలా. అదీ రాశాను.

మొదట అమ్మని యెక్కించుకుని వూరు చుట్టూ తిప్పాను. గతుకులో బండి ఒకసారి వంగి లేచి నిలబడింది. అమ్మ ఆశ్చర్యపోయి, "ఇదేమిట్రా, కుదుపే లేదు. మీ నాన్నతో యెక్కితే నడుం విరిగేది" అంది. రెండు పట్టీల సంగతి చెబుదామనుకున్నాను. ఆవిడే అంది: "నువ్వు వాల్తేరు వెళ్ళినప్పటినుంచీ బండి బిరుసైపోయిందిరా. అడిగితే రోడ్డు పాడైందనేవారు." నేల యెగుడుదిగుడుగా వుందని మా ఆవిడతో నేనన్న మాట గుర్తుకొచ్చింది. తండ్రి పోలిక యెక్కడికి పోతుంది?

అమ్మాయి తండ్రికి కబురుచేశాను. విరిగిన పట్టీ ముక్కలు దాచి వుంచాను. వచ్చాడు. ముక్కలు చూపించి, యూ బోల్టులు బిగించకపోవడం నా తప్పు, బరువు లెక్క చూసుకోకపోవడం నా తప్పు అని చెప్పాను. రెండు పట్టీల సంగతి మాత్రం చెప్పలేదు. అది మా ఇంటి సంగతి. ఆయన తుప్పు అంచు వేలితో తడిమి చూశాడు. తువ్వాలు నేల మీద పరిచి జీపు కిందికి వెళ్ళి చాలాసేపు చూశాడు. బయటికి వచ్చి, "ఎడ్లబండికైతే ఇరుసులో కందెన చూడకుండా పూన్చం మేష్టారూ. మీరు చదువుకున్నోళ్ళు, మీకు యెవరూ చెప్పరు" అన్నాడు. కట్టు విప్పాక అమ్మాయిని పంపుతారా అని అడిగే ధైర్యం నాకు లేదు. ఆయనే అన్నాడు: "అది వస్తానంటోంది. కాని తొమ్మిదో మనిషి యెక్కితే మా అమ్మాయి దిగిపోతాది. అలా అని చెప్పే పంపుతాను."

మళ్ళీ మొదటి ఆదివారం. ఆరుగురు విద్యార్థులు, నేను. ఒక సీటు కావాలనే ఖాళీ. యెక్కిన గేరులోనే దిగాలన్నది నాన్నగారి మాట, అలాగే నెమ్మదిగా దిగుతున్నాం. పొద్దు వాలేసరికి రోడ్డు పక్క ఒక ముసలామె చెయ్యెత్తింది. ఆపాం. ఆమె వెనక పొదల్లోంచి ఇంకో ఇద్దరు, మూటలతో. నా చెయ్యి అలవాటుగా వెనక తలుపు వైపు పోయింది. అమ్మాయి నా మొహంకేసి చూసింది. యేమీ అనలేదు. తన సంచీ తీసి భుజాన వేసుకుంది, అంతే.

ముసలామెని యెక్కించాం. మిగతా ఇద్దరికీ లేదని చెప్పాను. జీవితంలో నేను చెప్పిన కష్టమైన వాక్యాల్లో అదొకటి. ఒకాయన, "వెనక ఖాళీ వుంది గదా బాబూ" అన్నాడు. ఖాళీ వుంది. బరువుకి ఖాళీ లేదు. ఆ మాట ఆయనకి యెలా చెప్పను? వెనక వచ్చే బండికోసం వాళ్ళతోపాటు పావుగంట ఆగాం. ఒక లారీ వచ్చింది. చెయ్యెత్తి ఆపి, బతిమాలి, వాళ్ళిద్దర్నీ క్యాబిన్లో యెక్కించాక కదిలాం. ప్రతి ఆదివారం లారీ వస్తుందని యెవరూ హామీ ఇవ్వలేరు. అప్పటినుంచి దిగివచ్చేటప్పుడు రెండు సీట్లు ఖాళీగా వుంచుకుంటున్నాం. అందుకు విద్యార్థుల్లో ఒకరు వంతులవారీగా ఆ వారం రావడం మానేస్తారు. ఇంతకన్నా మంచి యేర్పాటు నాకు తోచలేదు.

పాత కట్టలోంచి తీసిన ఆ రెండు ఎక్కువ పట్టీలూ మేస్త్రీ నాకు ఇచ్చేశాడు. ఒకటి మా వూరి కమ్మరి దగ్గరికి పట్టుకెళ్ళాను. కమాను ఉక్కంటే కమ్మర్లకి ప్రాణం. కత్తులకీ కొడవళ్ళకీ అంత మంచి సరుకు దొరకదు. వారం రోజుల్లో కత్తిపీట చేసి ఇచ్చాడు. అమ్మ దాని ముందు పీట వేసుక్కూర్చుని గుమ్మడికాయ ఒక్క పెట్టున రెండు చెక్కలు చేసింది.

"మంచి ఉక్కురా. యెక్కడిది?"

"నాన్న జీపుదే అమ్మా."

అమ్మ చెక్కలు పక్కన పెట్టి, కత్తిపీట అంచు ఒకసారి చూసింది. "ఇన్నాళ్ళూ మోసింది. ఇక కూరలు తరగనీ" అని, రెండో చెక్క అందుకుంది.